కారు ఏసీలో గ్యాస్ అయిపోదు

"గ్యాస్ అయిపోయుంటుంది బావా, కొట్టిస్తే సరిపోతుంది" అన్నాడు మా బావమరిది. నేను కాదనలేదు. కాదనడానికి నాకేమైనా తెలిస్తే కదా. అప్పటికి కారు ఏసీ గురించి నాకున్న జ్ఞానం డ్యాష్‌బోర్డు మీది బటన్ దగ్గరే ఆగిపోయింది. నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరిపోతుంది.

బండి వేగంగా పోతున్నంతసేపూ ఏసీ బ్రహ్మాండంగా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం రెండు నిమిషాల్లో గాలి వెచ్చబడేది, కదిలితే మళ్లీ చల్లన. ఈ లక్షణం ఇవాళ ఎవరైనా ఫోన్‌లో చెబితే కారు చూడకుండానే మొదట ఏం పరీక్షించాలో చెప్పగలను. అప్పుడు మాత్రం ఇద్దరం కలిసి ఒక గ్యాస్ డబ్బా తెప్పించుకున్నాం. 340 గ్రాముల డబ్బా, దానికో గొట్టం, గొట్టం మీద చిన్న గేజ్, గేజ్ మీద పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యేలా ఉంది, ముల్లు ఆకుపచ్చలో ఉంటే మంచిది, ఎరుపులోకి వెళ్తే చెడ్డది.

సాయంత్రం చల్లబడ్డాక పనికి దిగాం. వాడు యాక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నాడు, నేను గొట్టం తగిలించాను. ముల్లు ఆకుపచ్చ మొదట్లో నిలబడింది. "చూశావా, ఇంకా పడుతుంది" అన్నాడు వాడు. పట్టించాం. సగం డబ్బా పోయాక ముల్లు ఆకుపచ్చ మధ్యకొచ్చింది, ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం అదే కారు ట్రాఫిక్‌లో ఆగగానే, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ టక్‌మని ఆగిపోయింది. కాసేపటికి టక్‌మని ఎక్కింది, మళ్లీ ఆగింది. అంతకుముందు సిగ్నల్ దగ్గర గాలి వెచ్చగా వచ్చేది, ఇప్పుడు సెగలా వస్తోంది.

చివరికి ఏసీ పని తెలిసిన ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గేజ్ కూడా తియ్యలేదు. బానెట్ ఎత్తి, ఏసీ వేయమని, ఓ నిమిషం చేతులు కట్టుకుని నిలబడి, "రెండో ఫ్యాన్ తిరగట్లేదు కదండీ" అన్నాడు. అంతే. గ్యాస్ తన వేడిని బయటికి వదిలే జాలీ ఉంటుంది, కండెన్సర్ అంటారు, దానికి గాలి కొట్టాల్సిన ఫ్యాన్ తిరగడం లేదు. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి ఆ పని చేసిపెడుతోంది, ఆగితే చేసేవాళ్లు లేరు. ఫ్యూజ్ బాక్సులో హారన్ రిలే, ఫ్యాన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్‌లు) ఒకే రకంవి. ఆయన హారన్‌ది పీకి ఫ్యాన్ స్థానంలో పెట్టగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. తర్వాత మెషీన్ పెట్టి గ్యాస్ మొత్తం బయటికి లాగితే 650 గ్రాములు తేలింది. బానెట్ కింద అంటించిన స్టిక్కర్ మీద రాసి ఉన్నది 500. అంటే మేం ముట్టుకోకముందు గ్యాస్ దాదాపు సరిగ్గానే ఉందన్నమాట. అగ్గిపెట్టెంత కూడా లేని రిలే పోతే, కంప్రెసర్ మీదకు తెచ్చుకున్నాం.

అప్పటినుంచి కారు ఏసీ మీద నాకొక పిచ్చి పట్టుకుంది. ఇన్నేళ్లుగా నా కారు, చుట్టాల కార్లు, స్నేహితుల కార్లు చూసుకుంటూ వస్తున్నాను. ఇంట్లో ఏసీ బాగుచేసుకోవడం మీద నా అభిప్రాయం ఇది: గ్యాస్ గొట్టాలకు బయట ఉన్నదంతా మీరు ధైర్యంగా విప్పుకోవచ్చు, అందులో చాలా భాగం మెకానిక్ కన్నా మీరే ఓపిగ్గా చేస్తారు. గొట్టాల లోపల ఉన్నదాని జోలికి మాత్రం, సరైన సామాను లేకుండా వెళ్లొద్దు. విచిత్రం ఏమిటంటే ఇంట్లో చేసుకునేవాళ్లకు బజారులో ముందుగా చేతిలో పెట్టేది ఆ లోపలి సరుకే, రంగుల గేజ్ ఉన్న గ్యాస్ డబ్బా.

అసలు గ్యాస్ "అయిపోవడం" అనే మాట దగ్గరే గొడవంతా మొదలవుతుంది. పెట్రోలు అయిపోతుంది, ఎందుకంటే కాలుతుంది. ఏసీ గ్యాస్ కాలదు, అరగదు, పాతబడదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ కారు లోపలి వేడిని ఎత్తుకెళ్లి బయట పారేసి మళ్లీ వస్తుంది. కంప్రెసర్ నొక్కితే వేడెక్కి కండెన్సర్‌లోకి వెళ్తుంది, అక్కడ వేడి వదిలేసి ద్రవం అవుతుంది, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ ముందు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి సందులోంచి దూరి ఒక్కసారిగా ప్రెషర్ పడిపోయి మరగడం మొదలుపెడుతుంది. మరగాలంటే వేడి కావాలి, ఆ వేడిని మన ముఖాన కొట్టే గాలిలోంచి లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్ దగ్గరికి. రబ్బరు గొట్టాల్లోంచి, కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర్నుంచి కొన్నేళ్లకు కాస్త కాస్త చొప్పున తప్పించుకుపోయే మాట నిజమే. కానీ పోయిన వేసవిలో పట్టించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే అది ఎక్కడో కారుతోంది. ఆ కారే చోటు కనిపెట్టకుండా మళ్లీ పట్టించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇక ఆ రంగుల గేజ్ సంగతి. సిగరెట్ లైటర్ చూడండి. నిండుగా ఉన్నప్పుడూ, అడుగున కాస్త ద్రవం మిగిలినప్పుడూ మంట ఒకేలా వస్తుంది. లోపల ఒక్క చుక్క ద్రవం ఉన్నంతవరకూ పైనున్న ప్రెషర్‌ని నిర్ణయించేది వేడి, పరిమాణం కాదు. ఏసీ గ్యాస్ కూడా అంతే. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ గ్యాస్, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 25 డిగ్రీల దగ్గర సుమారు 80 పీఎస్‌ఐ (టైర్లలో గాలికి వాడే ప్రెషర్ కొలతే) చూపిస్తుంది, 35 డిగ్రీల దగ్గర 115 దాకా చూపిస్తుంది. లోపల 200 గ్రాములున్నా అంతే, 500 ఉన్నా అంతే. ఒకరకంగా మీరు చూస్తున్నది థర్మామీటరు.

ఏసీ నడుస్తున్నప్పుడు చూస్తే ఇంకా చిక్కు. డబ్బా గొట్టం తగిలేది తక్కువ ప్రెషర్ వైపు మాత్రమే, ఎక్కువ ప్రెషర్ వైపు ఏం జరుగుతోందో మీకు కనపడదు. ఆ ఒక్క అంకె తగ్గడానికి గ్యాస్ తక్కువ కావడం ఒక కారణం. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయినా తగ్గుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుని బిగుసుకుపోయినా తగ్గుతుంది, బయట చల్లగా ఉండి ఇంజన్ రేసు చేసినా తగ్గుతుంది (ఆ సాయంత్రం మాకు జరిగింది సరిగ్గా ఇదే). పెరగడానికీ ఇలాగే నాలుగైదు కారణాలు. పైగా ఇప్పటి చాలా కార్లలో వేరియబుల్ కంప్రెసర్లు ఉంటున్నాయి. అవి తమ పంపింగ్‌ని తామే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఆ తక్కువ ప్రెషర్‌ని ఒకే దగ్గర నిలబెట్టేందుకు తయారైనవి. గ్యాస్ కొంచెం తక్కువున్నా కొంచెం ఎక్కువున్నా ముల్లు ఆకుపచ్చలోనే కూర్చుంటుంది. గేజ్ అబద్ధం చెప్పడం లేదు, మనం అడిగిన ప్రశ్నే దానికి రాని ప్రశ్న.

అందుకే కంపెనీలు బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్‌ని గ్రాముల్లో రాస్తాయి, పీఎస్‌ఐలో రాయవు. ఎంతుందో తెలియాలంటే ఉన్న ఒకే దారి, మొత్తం బయటికి తీసి తూచి, మళ్లీ తూచి పట్టించడం.

సరే, మరి మనం చేయగలిగింది ఏమిటి? చాలా ఉంది. నిజానికి ఈ భాగమే నాకు ఇష్టం.

మొదట చెవులు, చేతులు వాడండి. ఇంజన్ నడుస్తుండగా ఏసీ నొక్కితే, క్లచ్ (పుల్లీని కంప్రెసర్‌కి కలిపే అయస్కాంతం) ఉన్న కంప్రెసర్ అయితే టక్‌మని శబ్దం రావాలి, పుల్లీ ముందున్న పళ్లెం తిరగడం మొదలవ్వాలి. దూరం నుంచే చూడండి, బెల్టుల దగ్గర చేతులు, చున్నీలు, వేలాడే తాళ్లు పెట్టకండి. టక్ అనకపోతే అప్పుడు ఫ్యూజ్, రిలే, వైరు కనెక్టర్ చూడాలి, మల్టీమీటర్ ఉంటే క్లచ్ వైరుకు కరెంటు వస్తోందో లేదో చూడాలి. కరెంటు వస్తున్నా క్లచ్ పట్టట్లేదంటే దాని అయస్కాంతపు కాయిల్ కాలిపోయి ఉండొచ్చు, లేదా ఏళ్ల తరబడి అరిగి అరిగి పళ్లానికీ పుల్లీకీ మధ్య సందు పెరిగి అయస్కాంతం లాగలేకపోతూ ఉండొచ్చు. ఉదయం పని చేసి, ఇంజన్ వేడెక్కాక ఆగిపోయే ఏసీలు ఈ రెండో బాపతు. చాలా కంప్రెసర్లలో ఆ పళ్లెం వెనక పల్చటి వాషర్లు ఉంటాయి, ఒకటి తీసేస్తే సందు తగ్గి మళ్లీ పట్టుకుంటుంది. అర మిల్లీమీటరు వ్యవహారం. ఇలాంటిదానికి కంప్రెసరే మార్చేయించుకున్న మనిషి నాకు తెలుసు, ఆయనకి నేను ఈ వాషర్ సంగతి ఇంతవరకూ చెప్పలేదు, చెప్పను కూడా.

ఇంకో పరీక్ష: ఇంజన్ గదిలోంచి కారు లోపలికి వెళ్లే రెండు ఏసీ పైపులు ఉంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. ఏసీ పది నిమిషాలు నడిచాక లావు పైపు చల్లగా ఉండి చెమట పట్టాలి, సన్నది వెచ్చగా ఉండాలి. లావుది చల్లగా చెమటలు కక్కుతూ ఉండి కూడా లోపల గాలి చల్లగా రావట్లేదంటే గ్యాస్ వైపు చూడటం మానేయండి. మీ సమస్య డ్యాష్‌బోర్డులో ఉంది. అక్కడ బ్లెండ్ డోర్ అని ఒక చిన్న తలుపు ఉంటుంది, చల్లగాలినీ హీటర్ గాలినీ కలిపే తలుపు. దాన్ని తిప్పే బుల్లి మోటారు పాడైతే చల్లగాలి తయారవుతూనే ఉంటుంది, దాంట్లో వేడిగాలి కలుస్తూనే ఉంటుంది.

క్యాబిన్ ఫిల్టర్ గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే నేను కారు కొన్న నాలుగేళ్ల దాకా అలాంటిది ఒకటుందని నాకు తెలియదు. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది, పట్టుమని పది నిమిషాల పని. తీసినప్పుడు అందులో ఎండుటాకులు, రెండు ఈకలు, ఏదో పురుగు రెక్కలు, బూడిదరంగు దుప్పటి లాంటి దుమ్ము. అదంతా దాటుకుని రావాల్సిన గాలిని నేను అన్నేళ్లూ "బ్లోయర్ వీక్" అని తిట్టుకున్నాను. బ్లోయర్ ఒకటి, రెండు, మూడు స్పీడ్ల మీద తిరక్కుండా నాలుగో స్పీడ్ మీదే తిరిగితే, తెలుసుకోండి, బ్లోయర్ మోటారు శుభ్రంగా ఉంది, దాని రెసిస్టర్ పోయింది. మామూలుగా రెండు స్క్రూలు, ఒక కనెక్టర్. ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ తడుస్తోందంటే కూలింగ్ కాయిల్ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది. కారు కిందనుంచి మెత్తటి తీగతో నెమ్మదిగా పొడిస్తే పావుగంటలో తీరిపోయే జబ్బు.

కండెన్సర్ విషయంలో కాస్త ఆగాలి. ఇది రేడియేటర్ ముందు నిలబడి ఉంటుంది కాబట్టి దారిలో ఉన్న దుమ్మూ పురుగులూ అన్నీ ముందు దీని మీదే పడతాయి. కడగండి, కానీ వాటర్ సర్వీసింగ్‌లో వాడే గట్టి ప్రెషర్ గన్‌తో కొట్టకండి, ఆ సన్నటి రెక్కలు కాగితాల్లా మడతపడిపోతాయి. మామూలు గొట్టంతో, తిన్నగా, ఏటవాలుగా కాకుండా, వీలైతే వెనకవైపు నుంచి ముందుకు. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఇరుక్కున్న చెత్త బయట నుంచి కనపడదు, టార్చ్ వేసి చూడండి. ఒక స్నేహితుడి కారులో ఆ సందులోంచి తీసిన మట్టి రెండు చేతుల నిండా వచ్చింది, ఆ మట్టి తీసిన రోజు నుంచి వాడి ఏసీ గురించి నాకు ఫోన్ రాలేదు. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడమని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.

ఇవన్నీ చూశాక కూడా చల్లదనం లేకపోతే, అప్పుడు లీక్ అనుకోవాలి. లీక్ వెతకడం కూడా మీరు చేయగల పనే, ఎందుకంటే వెతకడానికి గొట్టాలు విప్పక్కర్లేదు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతూ ఉంటుంది, లీకైన చోట ఆయిల్ చెమ్మ బయటికొచ్చి దాని మీద దుమ్ము అంటుకుంటుంది. పైపుల జాయింట్ల దగ్గర, కండెన్సర్ అడుగు అంచున, కంప్రెసర్ ముక్కు దగ్గర నల్లటి జిడ్డు మరక కనిపిస్తే సబ్బునీళ్లు రాయండి. గ్యాస్ పట్టే రెండు వాల్వుల మూతలు ఉన్నాయా? సైకిల్ ట్యూబ్ వాల్వులాంటి ఆ చిన్న వాల్వ్ కారడం చాలా మామూలు, ఆ ప్లాస్టిక్ మూత చేసే సాయం తక్కువేం కాదు. అంతకుముందు ఎవరైనా గ్యాస్‌తో పాటు యూవీ డై (అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు) వేసి ఉంటే, చీకట్లో యూవీ టార్చ్ వేస్తే లీకైన చోట పచ్చగా మెరుస్తుంది.

నా కారుకు అసలైన లీక్ వచ్చింది ఆ డబ్బా ఉదంతం తర్వాత మూడేళ్లకు. ఈసారి ముందుగా వెళ్లిన చోట బానెట్ ఎత్తి గేజ్ పెట్టి "తక్కువుంది" అని గ్యాస్ కలిపి పంపించేశారు. లీక్ చూడరా అంటే "ముందు ఇది చూద్దాం సార్, మళ్లీ తగ్గితే అప్పుడు చూద్దాం" అన్నారు. నెలన్నరలో తగ్గింది. కాబట్టి నేను ఇంట్లో డబ్బా కొట్టేవాళ్లనే తిడుతున్నానని అనుకోకండి, షాపులో తూకం లేకుండా, లీక్ చూడకుండా కలిపి పంపేవాడు చేసేది కూడా అదే డబ్బా పని, వాడి డబ్బా పెద్దది, అంతే తేడా.

డై వేయించుకుని వచ్చి, వారం తిరిగాక రాత్రి టార్చ్‌తో కూర్చున్నాను. కండెన్సర్ కింది మూలన, రాయి తగిలిన చిన్న గుంట చుట్టూ అర్ధరూపాయంత పచ్చటి మచ్చ. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం, ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ తర్వాత చేసింది నాకు ఇప్పటికీ సరైన పద్ధతి అనిపిస్తుంది. మెషీన్ ఉన్న షాపుకు తీసుకెళ్లి మిగిలిన గ్యాస్ మొత్తం లాగించేశాను. ఖాళీ అయిన కారును ఇంటికి తెచ్చి, బంపర్ విప్పి, కండెన్సర్ నేనే మార్చాను. రెండు పైపుల బోల్టులు, నాలుగు బ్రాకెట్లు, ఒక పూట. జాయింట్లలోని పాత ఓ-రింగులు (రబ్బరు వలయాలు) పారేసి కొత్తవి, ఏసీకి పనికొచ్చే రకంవే, కంప్రెసర్ ఆయిల్‌లో తడిపి వేశాను. కొత్త కండెన్సర్‌కి మాన్యువల్ చెప్పినంత ఆయిల్ పోశాను. పైపుల నోళ్లకు ఆ కొద్దిసేపు కూడా ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశాను, ఎందుకంటే ఆ ఆయిల్‌కి గాలిలోని చెమ్మ పీల్చుకునే గుణం ఉంది. మర్నాడు మళ్లీ షాపుకు వెళ్తే వాళ్లు వ్యాక్యూమ్ పెట్టి, అది నిలబడిందని చూసి, 500 గ్రాములు తూచి పట్టించారు.

వ్యాక్యూమ్ ఎందుకు అని చాలామంది అడుగుతారు, ఖాళీ గొట్టాల్లో ఉన్న గాలిని తీయడానికే అనుకుంటారు. అది సగం కారణం. గాలి అక్కడ ద్రవంగా మారదు, కాబట్టి కండెన్సర్‌లో చోటు ఆక్రమించుకుని ప్రెషర్ పెంచుతుంది తప్ప చల్లబరచదు. మిగతా సగం నీరు. పైపుల లోపలి గోడలకు అంటుకున్న చెమ్మను గుడ్డ పెట్టి తుడవలేం కదా, మరిగించి ఆవిరిగా లాగాలి. ప్రెషర్‌ని బయటి గాలి పీడనంలో ముప్పయ్యో వంతుకు దించితే నీరు 25 డిగ్రీలకే మరుగుతుంది. అరగంటో గంటో పంపు నడపమనేది అందుకే. ఆ చెమ్మ లోపల ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సందులో మంచుగా గడ్డకట్టొచ్చు, నెమ్మదిగా గ్యాస్‌తోనూ ఆయిల్‌తోనూ కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తినొచ్చు. డబ్బా కొట్టినప్పుడు ఆ గొట్టంలో ఉన్న గాలీ చెమ్మా కూడా గ్యాస్‌తో పాటే లోపలికి పోతాయి. ఒకసారికి ఏమీ కాదు. ప్రతి వేసవికీ కొడుతూ పోతే లెక్క వేరు.

"మరి పంపూ, గేజ్ సెట్టూ, తూకమూ నేనే కొనుక్కుంటే?" కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు, నేనూ కొనుక్కున్నాను. నా వాదన చేతకానితనం గురించి కాదు. రెండు గేజ్‌ల సెట్టు, పంపు, గ్రాముల్లో చూపే తూకం, కళ్లద్దాలు, గ్లౌజులు ఉన్న మనిషి జాగ్రత్తగా చేస్తే షాపు కన్నా బాగా చేస్తాడు, ఎందుకంటే వాడికి తర్వాతి కారు కోసం తొందర లేదు. కానీ నా దగ్గర లేనిది ఒకటుంది, ఉన్న గ్యాస్‌ని బయటికి లాగి దాచే రికవరీ మెషీన్. అది లేనంతకాలం, లోపల గ్యాస్ ఉన్న సిస్టమ్‌ని విప్పాలంటే ఒకటే దారి, గాల్లోకి వదిలేయడం. ఆ పని నేను చేయను, చాలా దేశాల్లో అది నేరం కూడా.

దీన్ని కొట్టిపారేయకండి. మొదట్లో కార్లలో వాడిన ఆర్-12 గ్యాస్ లాంటివి ఓజోన్ పొరను తినేస్తాయని మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1974లో చెప్పారు. 1987లో అలాంటి గ్యాస్‌లను తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1995లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ గ్యాస్ పోయి ఆర్-134ఎ వచ్చింది, ఇది ఓజోన్‌ని ఏమీ అనదు. కానీ వేడిని పట్టి ఉంచడంలో, నూరేళ్ల లెక్కన, బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 1300 రెట్లకు పైనే. నా కారులోని అరకిలో గాల్లో కలిస్తే అది 650 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోలు వస్తుంది కాబట్టి, దాదాపు 280 లీటర్ల పెట్రోలు పొగ. చిల్లు పూడ్చకుండా ఏటా గ్యాస్ కొట్టించేవాడు ఏటా ఈ పని చేస్తున్నాడు. అందుకే 2016లో కిగాలీలో ఈ గ్యాస్‌లను కూడా క్రమంగా తగ్గించాలని ఒప్పుకున్నారు. యూరప్‌లో 2017 నుంచి అమ్మే కొత్త కార్లలో ఆర్-134ఎ పట్టడం ఆపేశారు. వాటిలో ఎక్కువగా కనిపించేది ఆర్-1234వైఎఫ్, కొద్దిగా మండే గుణం ఉన్నది. దాని వాల్వు నోరు కూడా వేరే సైజు, ఒకదాని గొట్టం ఇంకోదానికి తగలకూడదనే అలా చేశారు. అడాప్టర్ పెట్టి తగిలించేవాళ్లు మాత్రం ఉంటూనే ఉంటారు.

ఆర్-134ఎ బదులు ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమాలు నింపమని సలహా ఇచ్చేవాళ్లకు ఒక దండం. చల్లబడుతుంది, నిజమే. కూలింగ్ కాయిల్ లీకైతే అది చేరేది మీరు కూర్చున్న గదిలోకి. "లీక్ స్టాప్" ద్రవాలు ఇంకో రకం. అవి చిల్లుల్నే పూడుస్తాయని గ్యారంటీ లేదు, సన్నటి సందు ఎక్కడుంటే అక్కడ గట్టిపడొచ్చు, షాపువాడి రికవరీ మెషీన్ లోపల కూడా. అవి వేసిన కారు అని తెలిస్తే కొందరు మెషీన్ పెట్టడానికే ఒప్పుకోరు, నేను వాళ్లను తప్పుపట్టను.

గ్యాస్ తక్కువైతే కంప్రెసర్ తనంతట తాను ఆగేలా ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. దాని కనెక్టర్ పీకి రెండు కొసలూ వైరుతో కలిపేసి కంప్రెసర్‌ని బలవంతంగా తిప్పే చిట్కా ఒకటి చెలామణిలో ఉంది. కంప్రెసర్‌కి ఆయిల్ మోసుకొచ్చేదే గ్యాస్. గ్యాస్ లేకుండా తిప్పితే ఎండి, లోపల లోహం రాచుకుని, ఆ రజను కండెన్సర్ సన్నటి గొట్టాల నిండా పోతుంది. ఆ రజనును ఎంత కడిగినా పూర్తిగా పోదు, కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, చెమ్మ పీల్చే డ్రైయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అన్నీ మార్చాలి. లీకై పోయిన ఒక ఓ-రింగ్ కోసం మొత్తం ఏసీ.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల విషయంలో మాత్రం నా ఉత్సాహం క్యాబిన్ ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. వాటి కంప్రెసర్ బెల్టుతో కాక వందల వోల్టుల కరెంటుతో తిరుగుతుంది, నారింజరంగు వైర్లు కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకోండి. ఆయిల్ కూడా వేరే, కరెంటును పారనివ్వని రకం. మామూలు కారుకు వాడిన గొట్టంలో మిగిలిన కాస్త ఆయిల్ దాంట్లో కలిసినా ఇన్సులేషన్ దెబ్బతినొచ్చు.

మధ్యలో ఒక ముచ్చట. ఏసీతో వచ్చిన తొలి కార్లు 1940 మోడల్ ప్యాకార్డ్‌వి. వాటి కంప్రెసర్‌కి క్లచ్ లేదు. ఏసీ ఆపాలంటే ఇంజన్ ఆపి, దిగి, బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయాలి. ఆ రోజుల్లో ప్రతి యజమానీ ఏసీ మెకానిక్కే అన్నమాట, ఇష్టమున్నా లేకపోయినా.

మా బావమరిది ఇప్పటికీ డబ్బా మనిషే. వాడి కారులో పోయిన ఏడాది రెండు డబ్బాలు పోశాడు, రెండుసార్లూ "ఇప్పుడు అదిరిపోయింది బావా" అని మెసేజ్ పెట్టాడు. నేను యూవీ టార్చ్ పట్టుకుని రమ్మంటే వస్తానంటాను, వాడు పిలవడు. వాణ్ని అనడానికి నాకూ పెద్దగా నోరు లేదు లెండి. నా కారులో ఏసీ వేసినప్పుడల్లా డ్యాష్‌బోర్డు వెనకనుంచి టిక్ టిక్ టిక్ అని పది సెకన్లు శబ్దం వస్తోంది, బ్లెండ్ డోర్ మోటారులో ప్లాస్టిక్ పన్ను విరిగింది. కొత్త మోటారు తెచ్చి మూడు నెలలైంది, గ్లోవ్ బాక్స్‌లోనే ఉంది, ఆ గ్లోవ్ బాక్స్ విప్పితే గానీ దాన్ని బిగించే చోటు కనపడదు.